వాన లెక్క, మార్కెట్ ధర నెట్ నుంచి నేరుగా ఎక్సెల్‌లోకి: గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మన వైపు చదువుకున్న వాళ్ళది ఒకటే తీరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కంప్యూటర్ మెనూలో ఇంగ్లీషు. అందుకే ఎక్సెల్‌లోకి బయటి డేటా తెచ్చుకోవడం గురించి నన్ను అడిగేవాళ్ళు ముందు "తెలుగులో చెప్పండి, చాలు" అంటారు. పత్తి కొనేవాళ్ళు, రైతు సంఘాల లెక్కలు రాసే పిల్లలు, వంశధార ఒడ్డున పొలాలున్నవాళ్ళు అడిగినవన్నీ ఇక్కడ రాశాను. వెబ్ చిరునామాల్లో, ఫార్ములాల్లో వచ్చే మాటల్ని తెలుగు అక్షరాల్లోనే రాశాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. పవర్ క్వెరీ (ఎక్సెల్‌లో బయటి డేటా తెచ్చే సాధనం) ఫంక్షన్ల, ఐచ్ఛికాల పేర్లలో మాత్రం ప్రతి మాట మొదటి అక్షరం పెద్దదిగా కొట్టాలి, Table.FromColumns లాగా.

రోజూ సైటు తెరిచి కాపీ చేసి పేస్ట్ చేస్తున్నాం. సరిపోదా?

వారం రోజులకైతే సరిపోతుంది. సీజనంతా చేయాలంటే ఒకరోజు మర్చిపోతారు, ఇంకోరోజు ఒక వరుస కిందకి పేస్ట్ అవుతుంది. తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత వెతికినా దొరకదు. చిరునామా ఒకసారి సరిగ్గా అమర్చుకుంటే ప్రతిరోజూ అదే ప్రశ్న అదే పద్ధతిలో వెళ్తుంది. ఒకవేళ తప్పు ఉన్నా అన్ని రోజుల్లోనూ ఒకే తప్పు ఉంటుంది కాబట్టి దిద్దుకోవడం సులువు.

హెచ్‌టీటీపీ ద్వారా తేవడం అంటే లోపల ఏం జరుగుతుంది?

బ్రౌజర్ చేసే పనే ఎక్సెల్ కూడా చేస్తుంది. ఒక చిరునామాకి "ఇది ఇవ్వు" అని అడుగుతుంది. దీన్ని గెట్ రిక్వెస్ట్ అంటారు. అవతలి సర్వర్ ముందు మూడంకెల కోడ్ పంపి, దాని వెనకే డేటా పంపుతుంది. చిరునామాలో ప్రశ్నార్థకం గుర్తుకి ముందున్నది ఎవరిని అడుగుతున్నామో చెబుతుంది, తర్వాతున్నది ఏం అడుగుతున్నామో చెబుతుంది. ఆ రెండో భాగంలో ఒక్కో షరతుకీ మధ్య ఆంపర్‌సాండ్ (&) గుర్తు ఉంటుంది.

200 అనే కోడ్ వస్తే జవాబు వచ్చినట్టు. మీకు కావలసిన జవాబే వచ్చిందా అన్నది ఆ కోడ్ చెప్పదు. నా దగ్గరికి వచ్చే చిక్కుల్లో సగానికి పైగా 200 వచ్చిన తర్వాతవే.

ఎక్సెల్, గూగుల్ షీట్స్, లిబ్రేఆఫీస్: ఏది మంచిది?

విండోస్ కంప్యూటర్ ఉంటే ఎక్సెల్‌లోని పవర్ క్వెరీ. 2016 వెర్షన్ నుంచి ఇది ఎక్సెల్‌లోనే ఉంది, 2010, 2013 వెర్షన్లకి విడిగా వేసుకోవాలి. తెచ్చిన డేటాని ఎలా మార్చామో అడుగడుగూ ఇది రాసి ఉంచుకుంటుంది. నాకు ఇదే ఇష్టం.

గూగుల్ షీట్స్‌లో ఇంపోర్ట్‌డేటా అనే ఫంక్షన్‌కి చిరునామా ఇస్తే సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన మామూలు అక్షరాల పట్టిక) నేరుగా గళ్ళలోకి వస్తుంది. ఫోన్‌లో చూసుకోవడానికి బాగుంటుంది. కానీ అక్కడ అడిగేది మీ కంప్యూటర్ కాదు, గూగుల్ సర్వర్. మీ బ్రౌజర్‌లో తెరుచుకున్న ప్రభుత్వ సైటు షీట్స్‌లో రాకపోతే కారణం చాలాసార్లు ఇదే. దేశం బయటి నుంచి వచ్చే రిక్వెస్టులకి కొన్ని సైట్లు తలుపు తెరవవు. మీ ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లో ఉన్న ఫైలు కూడా గూగుల్‌కి అందదు.

లిబ్రేఆఫీస్ కాల్క్‌లోనూ బయటి డేటాకి లింకు పెట్టుకోవచ్చు. చిన్న పట్టికలకి అది చాలు.

మొదటిసారి చేస్తున్నాం. ఒక ఉదాహరణతో చెప్పండి.

గుణుపురం వాన లెక్క తెద్దాం. ఓపెన్-మెటియో అనే వాతావరణ సేవకి తాళంచెవి లాంటి కోడ్, అంటే ఏపీఐ కీ, అక్కర్లేదు (ఏపీఐ అంటే ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంని డేటా అడిగే దారి). వ్యాపారేతర వాడకానికి రోజుకి 10,000 రిక్వెస్టుల లోపు ఉచితం. పత్తి కొనుగోలు వ్యాపారానికే వాడుకునేవాళ్ళు డబ్బు కట్టే ప్లాను తీసుకోవాలి. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే అడిగేవాళ్ళలో వ్యాపారులు చాలామంది ఉన్నారు.

ఆ సైటులోని ఫోర్‌కాస్ట్ ఏపీఐ చిరునామా తీసుకుని ప్రశ్నార్థకం తర్వాత ఇవి రాయండి: లాటిట్యూడ్=19.08, లాంగిట్యూడ్=83.81, అవర్లీ=ప్రెసిపిటేషన్, పాస్ట్ డేస్=7, ఫార్మాట్=సీఎస్‌వీ. పాస్ట్, డేస్ అనే రెండు మాటల మధ్య ఖాళీ ఉండదు, అండర్‌స్కోర్ ఉంటుంది. చిరునామా మొత్తాన్ని ముందు బ్రౌజర్‌లో తెరిచి చూడండి. అక్కడ అంకెలు కనిపిస్తేనే ఎక్సెల్ దగ్గరికి రండి.

ఎక్సెల్‌లో డేటా ట్యాబ్, అందులో ఫ్రమ్ వెబ్. చిరునామా పేస్ట్ చేసి ఓకే కొట్టండి. ఎలా లోపలికి వెళ్ళాలి అని అడిగితే అనానిమస్ ఎంచుకోండి. తర్వాత వచ్చే కిటికీలో లోడ్ నొక్కొద్దు, ట్రాన్స్‌ఫార్మ్ డేటా నొక్కండి. పై వరుసల్లో స్థలం వివరాలుంటాయి, అసలు పట్టిక వాటి కింద మొదలవుతుంది. పై వరుసలు తీసేసే ముందు వాటిని ఒకసారి చదవండి. మీరడిగిన అక్షాంశ రేఖాంశాలకీ అక్కడున్న వాటికీ కొంచెం తేడా ఉంటుంది. సర్వర్ భూమిని గళ్ళుగా కోసుకుని, మీ ఊరు ఏ గడిలో పడితే ఆ గడి లెక్క ఇస్తుంది.

జేసన్ (డేటా పంపే ఇంకో పద్ధతి) తీసుకుంటే రికార్డ్, లిస్ట్ అని కనిపిస్తోంది. అంకెలేవీ?

నొక్కుతూ లోపలికి వెళ్ళాలి. అవర్లీ పక్కనున్న రికార్డ్ నొక్కితే టైమ్ ఒక లిస్టు, ప్రెసిపిటేషన్ ఇంకో లిస్టు. రెండిటినీ పక్కపక్కన పెట్టడానికి టేబుల్ డాట్ ఫ్రమ్‌కాలమ్స్ ఫంక్షన్ కావాలి. సీఎస్‌వీ ఇచ్చే చోట సీఎస్‌వీయే అడగండి, ఈ తిప్పలుండవు.

మే నెలలో గుణుపురానికి మైనస్ డిగ్రీలు చూపిస్తోంది!

అక్షాంశం, రేఖాంశం తారుమారయ్యాయి. 19.08 ఉండాల్సిన చోట 83.81 రాస్తే మీరడిగింది ఉత్తర ధ్రువానికి దగ్గర్లో, స్వాల్బార్డ్ దీవులకి పైనున్న ఆర్కిటిక్ సముద్రం గురించి. ఆ చోటు నిజంగా ఉంది కాబట్టి సర్వర్ మర్యాదగా 200 అని చెప్పి అక్కడి చలి పంపిస్తుంది. ఉష్ణోగ్రత అడిగారు కాబట్టి మీకు తెలిసింది. వాన ఒక్కటే అడిగి ఉంటే రోజులకి రోజులు సున్నాకి దగ్గరగా వస్తుంది, "ఈ ఏడు వానల్లేవు" అనుకుని ఊరుకుంటారు. అందుకే కొత్త చిరునామా అమర్చిన ప్రతిసారీ వానతో పాటు ఉష్ణోగ్రత కూడా ఒకసారి అడిగి చూడమంటాను.

మన వైపు గుర్తు పెట్టుకోవాల్సిన అంకెలు: అక్షాంశం 18, 19 దగ్గర, రేఖాంశం 82 నుంచి 85 మధ్య. పర్లాకిమిడి 18.78, 84.09. రాయగడ 19.17, 83.42. బరంపురం 19.31, 84.79.

నిన్న సాయంత్రం కుండపోతగా కురిసింది. షీటులో ఒక తేదీ, ప్రభుత్వ లెక్కలో ఇంకో తేదీ. ఎవరిది తప్పు?

ఎవరిదీ తప్పు కాదు. రోజు ఎప్పుడు మొదలవుతుంది అన్న దాంట్లోనే తేడా. అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇదే కాబట్టి నింపాదిగా చెబుతాను.

మనకి రోజు అర్ధరాత్రి మారుతుంది. భారత వాతావరణ శాఖ వానని ఉదయం ఎనిమిదిన్నరకి కొలుస్తుంది. నిన్న ఎనిమిదిన్నర నుంచి ఇవాళ ఎనిమిదిన్నర దాకా పడిన నీరంతా ఇవాళ్టి తేదీ కింద రాస్తుంది. అంటే జూలై 10 సాయంత్రం ఏడింటికి పడిన వాన వాళ్ళ పుస్తకంలో జూలై 11 వాన. ఇక నెట్‌లో వచ్చే డేటాకి మీరు టైమ్‌జోన్ చెప్పకపోతే గ్రీన్‌విచ్ సమయంలో వస్తుంది. ఆ లెక్కలో రోజు మనకి తెల్లవారి అయిదున్నరకి మారుతుంది. ఒకే వాన, మూడు రకాల రోజులు.

2018 తిత్లీ తుఫాను తీసుకుంటే విషయం కళ్ళకి కడుతుంది. అక్టోబర్ 11 తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లా కొండల్లో వానకి చరియలు విరిగిపడి ఎందరో పోయారు. మన గడియారంలో అది 11వ తేదీ. గ్రీన్‌విచ్‌లో 10వ తేదీ రాత్రి పదకొండు గంటలు దాటి పన్నెండు లోపు, ఆ రోజు ఆఖరి గంట. తీరం దాటిన తర్వాత పొద్దున్న తొమ్మిదింటికి మన ఊళ్ళో పడిన వాన వాతావరణ శాఖ పుస్తకంలో 12వ తేదీ కింద ఉంటుంది. ఈ మూడింటినీ ఒకే షీటులో పక్కపక్కన పెట్టి "లెక్కలు కలవడం లేదు" అంటే ఎలా కలుస్తాయి?

పరిష్కారం ఉంది. రోజువారీ మొత్తం అడగొద్దు, గంటల వాన అడగండి. టైమ్‌జోన్ ఏమీ రాయకుండా గ్రీన్‌విచ్‌లోనే తీసుకోండి. మన ఎనిమిదిన్నర అక్కడ సరిగ్గా మూడు గంటలు, కాబట్టి కోత శుభ్రంగా పడుతుంది. ఓపెన్-మెటియోలో ఒక గంట ఎదురుగా ఉన్న వాన దాని ముందు గంటలో పడినది. 4:00 ఎదురుగా ఉన్నది మూడింటి నుంచి నాలుగింటి దాకా పడిన నీరు. అందువల్ల ఒక రోజు 4:00 వరుస నుంచి మర్నాడు 3:00 వరుస దాకా 24 వరుసలు కలిపితే అది మర్నాటి తేదీ వాన.

ఎక్సెల్‌లో దీనికి చిన్న లెక్క చాలు. సమయం ఉన్న గడిలోంచి 3.5/24 తీసేయండి, ఇంట్ ఫంక్షన్‌తో పూర్ణాంకం చేయండి, 1 కలపండి. వచ్చిందే వాతావరణ శాఖ తేదీ. నాలుగు గంటలు తీసేస్తే చాలదా అని అడుగుతారు. కాగితం మీద చాలు. కానీ ఎక్సెల్ సమయాన్ని దశాంశ భిన్నంగా దాచుకుంటుంది. సరిగ్గా 4:00లోంచి 4/24 తీసేస్తే కొన్నిసార్లు సున్నా రాకుండా సున్నాకి వెంట్రుకవాసి తక్కువ వస్తుంది, దాంతో ఆ వరుస ముందు రోజుకి జారిపోతుంది. మూడున్నర తీసేస్తే ఏ వరుసా అంచు మీద నిలబడదు. ఈ ఒక్క సంగతి తెలియక నేను ఒక సీజను లెక్క మొత్తం మళ్ళీ వేసుకోవాల్సి వచ్చింది.

తేదీలు సరిచేశాం. అయినా మా ఊళ్ళో మోకాలి లోతు నీళ్ళుంటే షీటులో 6 మి.మీ. అంటోంది.

అది వానమాపకంలో పడిన నీరు కాదు. కంప్యూటర్ నమూనా వేసిన గడి సగటు. కొన్ని నమూనాల్లో ఒక్కో గడి పది కిలోమీటర్లుంటే, పాత సంవత్సరాల డేటాకి ఆధారమైన ఈఆర్ఏ5లో పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది. గుణుపురం ఊరు లోయలో ఉంది, చుట్టూ కొండలు. కొండకి అటు వైపు కురిసి ఇటు చినుకు పడని రోజులు మనకి తెలిసినవే. గడి సగటులో ఆ రెండూ కలిసిపోతాయి.

ఒక వారం మొత్తానికి, ఒక నెల మొత్తానికి ఈ డేటా ఉపయోగపడుతుంది. పంట బీమా కాగితాల్లో మాత్రం ఈ అంకె రాయొద్దు. అక్కడ కావలసింది బ్లాకు వానమాపకం లెక్క. ఒడిశాలో బ్లాకులవారీ రోజువారీ వాన లెక్కలు స్పెషల్ రిలీఫ్ కమిషనర్ కార్యాలయం ఇస్తుంది.

వీలైతే మీ పెరట్లో ఒక వానమాపకం పెట్టుకోండి. ప్లాస్టిక్‌ది చాలు. రోజూ ఎనిమిదిన్నరకి చూసి షీటులో ఒక నిలువు వరుసలో రాయండి. నెట్ డేటాని ఎంతవరకు నమ్మాలో రెండు నెలల్లో మీకే తెలుస్తుంది, నన్ను అడగక్కర్లేదు.

మార్కెట్ ధరలు ఎక్కడి నుంచి తేవాలి?

కేంద్ర ప్రభుత్వ ఓపెన్ డేటా సైటు డేటా డాట్ గవ్ డాట్ ఇన్‌లో రోజువారీ మార్కెట్ ధరల పట్టిక ఉంది. ఖాతా తెరిస్తే కీ ఇస్తారు. నమూనా కీతో కూడా ప్రయత్నించొచ్చు గానీ దానితో ఒకసారికి 10 వరుసలే వస్తాయి. "దేశం మొత్తానికి పదే మార్కెట్లా?" అని అడిగినవాళ్ళున్నారు. మీ సొంత కీ పెట్టి లిమిట్ పెంచుకోండి. అన్నీ ఒక్కసారికి రాకపోతే ఆఫ్‌సెట్ అనే షరతుతో విడతలుగా అడగాలి.

ధరలు క్వింటాలుకి రూపాయల్లో ఉంటాయి: కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువ సరుకు పోయిన మోడల్ ధర. ఆ రోజు ధర ఎక్కించని మార్కెట్ వరుసే రాదు. వరుస లేదంటే ధర లేదని కాదు, సున్నా అని అసలే కాదు. సగటు వేసేటప్పుడు ఖాళీని సున్నా చేయకండి.

పత్తి వాళ్ళకి ఒక మాట. మార్కెట్ యార్డులో క్వింటాలు ధర గింజతో ఉన్న పత్తిది. జిన్నింగు మిల్లు చెప్పే క్యాండీ ధర దూదిది, క్యాండీ అంటే దాదాపు 356 కిలోలు. ఈ రెండూ ఒకే నిలువు వరుసలో పెట్టిన షీట్లు చూశాను. వాటి మీద గీసిన గ్రాఫుకి అర్థం లేదు.

కీ చిరునామాలోనే రాసేశాం. ఫర్వాలేదా?

ఫైలు మీ దగ్గరే ఉన్నంతవరకు ఫర్వాలేదు. వాట్సాప్‌లో గ్రూపుకి పంపిన రోజు కీ కూడా వెళ్ళిపోతుంది. వాళ్ళు వాడితే లెక్క మీ పేరు మీద పడుతుంది. పవర్ క్వెరీలో వెబ్ డాట్ కంటెంట్స్ ఫంక్షన్‌కి ఏపీఐకీనేమ్ అనే ఐచ్ఛికం ఇచ్చి, లోపలికి వెళ్ళే పద్ధతిలో వెబ్ ఏపీఐ ఎంచుకుంటే కీ ఫైల్లో ఉండదు, ఆ కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఇంకొకరు తెరిస్తే వాళ్ళ కీ అడుగుతుంది.

రెండు పట్టికలు కలుపుతుంటే మా ఊరి వరుసలు ఖాళీగా వస్తున్నాయి.

పేర్లు కలవడం లేదు. మన జిల్లాలంత పేర్ల చిక్కు ఇంకెక్కడా ఉండదేమో. మనం పర్లాకిమిడి అంటాం, సర్కారు రాతలో పరలాఖెముండి. మన బరంపురం ఇంగ్లీషులో బెర్హంపూర్, ఒడియాలో బ్రహ్మపుర. రాష్ట్రం పేరు 2011లో ఒరిస్సా నుంచి ఒడిశాగా మారింది, అంతకు ముందు డేటాలో పాత పేరే ఉంటుంది. గజపతి, రాయగడ జిల్లాలు 1992 అక్టోబర్ 2న ఏర్పడ్డాయి, ఇంకా పాత పట్టికల్లో అవి గంజాం, కొరాపుట్ లోపల ఉంటాయి. అటు ఆంధ్రా వైపు పార్వతీపురం మన్యం జిల్లా 2022 ఏప్రిల్‌లో వచ్చింది, దానికి ముందు ఆ ఊళ్ళు విజయనగరం, శ్రీకాకుళం కింద ఉండేవి.

ఒకే పేరుతో రెండు ఊళ్ళుండటం ఇంకా ప్రమాదం. వెతికే పెట్టెలో బెర్హంపూర్ అని కొడితే పశ్చిమ బెంగాల్‌లోని బహరంపూర్ రావచ్చు. రాయగడకి దగ్గరి పేర్లతో మహారాష్ట్రలో ఒక జిల్లా, ఛత్తీస్‌గఢ్‌లో ఇంకో జిల్లా ఉన్నాయి. అంతెందుకు, గజపతి జిల్లాలోనే రాయగడ అనే బ్లాకు ఉంది. రాయగడ జిల్లాలో చంద్రపూర్ బ్లాకు ఉంది, మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా ఉంది. ఒకతను మునిగుడ పక్క చంద్రపూర్ అనుకుని మహారాష్ట్ర ధరలు నెల రోజులు చూసుకున్నాడు. షీటులో ఎక్కడా ఎర్రగా ఏ తప్పూ కనిపించలేదు.

కాబట్టి పేరుతో కలపొద్దు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి రాష్ట్రానికీ, జిల్లాకీ, బ్లాకుకీ, ఊరికీ ఒక కోడ్ ఉంటుంది. ఒడిశా 21, మహారాష్ట్ర 27, ఆంధ్రప్రదేశ్ 28, తెలంగాణ 36. ఒక చిన్న పట్టిక మీరే తయారు చేసుకోండి. ఒక వైపు మీకు దొరికిన ప్రతి రకం రాత, రెండో వైపు ఆ ఊరి కోడ్. నా పట్టికలో పర్లాకిమిడి ఒక్కదానికే ఏడు రకాల రాతలున్నాయి. కొత్త రాత కనపడినప్పుడల్లా ఒక వరుస చేరుతుంది, అంతే.

తెలుగులో ఉన్న పేర్లకి ఇంకో చిక్కు ఉంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ ఒకదాంట్లో పొల్లు తర్వాత కనిపించని ఒక అక్షరం దాక్కుని ఉంటుంది. దాన్ని జెడ్‌డబ్ల్యూఎన్‌జే అంటారు. ట్రిమ్ చేసినా అది పోదు, రీప్లేస్ వాల్యూస్‌తో తీసేయాలి.

ఊళ్ళ పేర్లు పిచ్చి గుర్తులుగా వస్తున్నాయి.

ఫైలు యూటీఎఫ్-8 అనే, అన్ని భాషల అక్షరాలూ దాచే పద్ధతిలో ఉంది, ఎక్సెల్ దాన్ని పాత పాశ్చాత్య పద్ధతిలో చదివింది. పవర్ క్వెరీలో సోర్స్ అనే మొదటి మెట్టు పక్కనున్న చక్రం గుర్తు నొక్కి, ఫైల్ ఆరిజిన్‌లో 65001 ఎంచుకోండి. బాగవుతుంది.

ఆ పిచ్చి గుర్తుల్లోంచి కూడా ఒకటి తెలుసుకోవచ్చు. à అనే, నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు అక్షరం పక్కన ° లేదా ± పదే పదే వస్తుంటే అసలు ఫైలు తెలుగు. ఆ à పక్కన ¬ వస్తుంటే ఒడియా. బాగు చేయకముందే ఏ భాషలో పంపారో చెప్పేయొచ్చు.

తేదీ 05/07 అని ఉంటే మే 7 అవుతోంది.

కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంది. నిలువు వరుస రకం మార్చేటప్పుడు యూజింగ్ లొకేల్ ఎంచి ఇంగ్లీష్ ఇండియా పెట్టండి. 12 దాకా ఉన్న తేదీలు నిశ్శబ్దంగా తప్పు పడతాయి, 12 దాటితేనే ఎర్రర్ వస్తుంది. సగం నెల బాగుంది కదా అని మిగతా సగం ఎర్రర్లు తీసేశారనుకోండి, బాగున్నదనుకున్న సగమే తప్పుగా మిగులుతుంది.

400, 401, 403, 404, 429... వీటికి అర్థాలేంటి?

400 అంటే మీ ప్రశ్న అర్థం కాలేదు. చాలాసార్లు సర్వర్ కారణం కూడా రాసి పంపుతుంది గానీ ఎక్సెల్ దాన్ని చూపించదు. అదే చిరునామా బ్రౌజర్‌లో తెరిస్తే కారణం చదవొచ్చు. 401 అయితే కీ లేదు, లేదా తప్పు. 403 అయితే మీరెవరో తెలిసినా రానివ్వరు. 404 అయితే చిరునామాలో ఆ చోటు లేదు. 429 వస్తే మరీ ఎక్కువసార్లు అడిగారు, కాసేపు ఆగండి. 500, 503 వాళ్ళ వైపు చిక్కు, మీ ఫైల్లో ఏమీ మార్చకండి. 503 వచ్చిందని గాభరాపడి బాగున్న చిరునామాని చెడగొట్టుకున్నవాళ్ళే ఎక్కువ.

ఫార్ములా ఫైర్‌వాల్ అని ఆపేస్తోంది.

మీ షీటులోని గడి విలువని తీసుకుని బయటి చిరునామాకి పంపబోతున్నారు. లోపలి సమాచారం బయటికి పోతుందేమో అని ఎక్సెల్ అడ్డుపడుతుంది. ఆప్షన్స్‌లో ప్రైవసీ లెవెల్స్ పట్టించుకోవద్దని పెడితే దారి ఇస్తుంది. షీటులో ఊరి పేర్లు, అక్షాంశాలు మాత్రమే ఉంటే నేనూ అలాగే చేస్తాను. రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న ఫైల్లో మాత్రం చేయను, మిమ్మల్నీ చేయనివ్వను. వాటిని వేరే ఫైల్లో పెట్టి, నెట్ నుంచి తెచ్చే పని ఇంకో ఫైల్లో చేసుకోండి. ఆ రైతులు మనల్ని నమ్మి ఇచ్చిన నంబర్లవి.

కరెంటు పోయి వచ్చాక ఏ సైటూ రావడం లేదు. సర్టిఫికెట్ అంటోంది.

కింద మూల గడియారం చూడండి. పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్‌కి చెల్లుబాటు తేదీలుంటాయి కాబట్టి అది ఇంకా పుట్టలేదని కంప్యూటర్ అనుకుంటుంది. తేదీ సరిచేసి, బ్యాటరీ మార్చండి.

మధ్యలో నెట్ పోతే పాత డేటా కూడా పోతుందా?

పవర్ క్వెరీలో పోదు. రిఫ్రెష్ విఫలమైతే క్రితంసారి వచ్చిన పట్టిక అలాగే ఉంటుంది. అందులోనూ ఒక టెన్షన్ ఉంది: పాతదని తెలియక ఇవాళ్టిదనుకుంటారు. డేటా తెచ్చిన సమయం చూపించే ఒక నిలువు వరుస క్వెరీలోనే చేర్చండి. డేట్‌టైమ్ డాట్ లోకల్‌నౌ అనే ఫంక్షన్ ఆ పని చేస్తుంది.

మన కొండ ఊళ్ళల్లో సిగ్నల్ నిదానం. వెబ్ డాట్ కంటెంట్స్ మామూలుగా 100 సెకన్లు ఆగి వదిలేస్తుంది. టైమ్‌అవుట్ ఐచ్ఛికంతో ఆ గడువు పెంచొచ్చు. అంతకంటే మంచిది తక్కువ అడగడం. ఏడాది డేటా రోజూ అడిగే బదులు వారానిది అడగండి.

ఎంతసేపటికోసారి రిఫ్రెష్ పెట్టాలి?

క్వెరీ ప్రాపర్టీస్‌లో నిమిషాల లెక్కన పెట్టొచ్చు. వాతావరణ నమూనాలు రోజుకి కొన్నిసార్లే మారతాయి, మార్కెట్ ధర రోజుకోసారి. ఫైలు తెరిచినప్పుడు రిఫ్రెష్ అయితే చాలు. నిమిషానికోసారి అడిగితే మీకు కొత్తగా ఏమీ రాదు, ఉచితంగా ఇస్తున్నవాళ్ళ మీద భారం మాత్రం పడుతుంది.

నిన్నటి ధరలు ఇవాళ కనిపించడం లేదు. ఎక్కడికి పోయాయి?

రిఫ్రెష్ చేస్తే పాత పట్టిక మీద కొత్తది కూర్చుంటుంది. రోజువారీ ధరల పట్టికలో ఆ రోజువే ఉంటాయి కాబట్టి నిన్నటివి మీరే దాచుకోవాలి. రోజూ వచ్చినదాన్ని సీఎస్‌వీగా ఒక ఫోల్డర్‌లో సేవ్ చేయండి. పేరు సంవత్సరం, నెల, తేదీ వరసలో పెట్టండి, 2025-01-09 లాగా. అప్పుడు ఫైళ్ళు వాటంతటవే వరసలో ఉంటాయి. ఇంకో ఎక్సెల్ ఫైల్లో ఫ్రమ్ ఫోల్డర్ పెడితే అన్నీ కలిసి ఒకే పట్టిక అవుతాయి. వచ్చినది వచ్చినట్టే దాచండి, దిద్దుబాట్లన్నీ ఈ రెండో ఫైల్లో చేయండి. ఆరు నెలల తర్వాత ఏదైనా అనుమానం వస్తే వెనక్కి వెళ్ళి చూసుకోవడానికి మిగిలేది ఆ ఫోల్డరే.

వాన డేటాకి ఈ బాధ లేదు. ఓపెన్-మెటియో పాత డేటా చిరునామా వేరే ఉంది, అందులో మొదటి తేదీ, ఆఖరి తేదీ ఇస్తే 1940 నుంచి దొరుకుతుంది.

సైటులో పట్టిక కనిపిస్తోంది, ఎక్సెల్‌కి కనిపించడం లేదు.

ఆ పట్టిక పేజీలో లేదు. పేజీ తెరుచుకున్నాక జావాస్క్రిప్ట్ దాన్ని తెచ్చి గీస్తోంది. ముందు ఆ పేజీలో డౌన్‌లోడ్ లేదా సీఎస్‌వీ బటన్ ఉందేమో చూడండి. లేకపోతే ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి పేజీని మళ్ళీ లోడ్ చేయండి. అంకెలు మోసుకొచ్చిన చిరునామా అక్కడ దొరకవచ్చు. క్యాప్చా (మీరు మనిషేనా అని పరీక్షించే పెట్టె) పెట్టిన సైట్ల జోలికి మాత్రం పోకండి. యంత్రాలతో అడగొద్దని వాళ్ళు చెప్పినట్టే. అలాంటి చోట కార్యాలయానికి ఒక అర్జీ రాసి ఫైలు అడగడమే దారి.

ఫైలు మా తమ్ముడి కంప్యూటర్‌లో తెరిస్తే మళ్ళీ అన్నీ అడుగుతోంది.

అడగాలి. లోపలికి వెళ్ళే అనుమతులు కంప్యూటర్‌కి సంబంధించినవి, ఫైలుకి కాదు. వాతావరణానికి అనానిమస్, ధరలకి అతని సొంత కీ ఒక్కసారి ఇస్తే ఇక అడగదు. తేదీ పద్ధతి కూడా ఆ కంప్యూటర్‌ది వేరే ఉండొచ్చు కాబట్టి, మొదటి రిఫ్రెష్ తర్వాత 12వ తేదీకి ముందున్న రెండు మూడు వరుసలు మీ ఫైలుతో సరిచూడమనండి.